ముందు గొలుసు, తర్వాత చెయ్యి

లాడ్జి దిండు గలీబు చూసి ఆ గదిలో ఎవరు దిగారో చెప్పేసే మనిషి మునెమ్మ. కొండమీద గుండు చేయించుకొని, దానికి చందనం పట్టించి, దర్శనం అయ్యాక కిందికి వచ్చి గదిలో అడుగు పెట్టగానే మంచం మీద వాలిపోయేవాళ్లు తిరుపతిలో రోజూ ఎంతమంది ఉంటారో లెక్కలేదు. తెల్లారేసరికి గలీబు మీద తలకాయంత పసుపుపచ్చ మరక. నామం చెరపకుండా పడుకున్నవాళ్లది ఎర్ర గీత. లడ్డూల సంచి పరుపు మీద పెట్టినవాళ్లది నేతి మరక. చంటిపిల్లలున్న గది సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ మరకలన్నిటినీ ఇరవై ఆరేళ్లు ఉతికింది మునెమ్మ, రేణిగుంట రోడ్డు వైపు ఒక రేకుల షెడ్డులో, రోజుకు నూటయాభై దుప్పట్ల లెక్కన.

"చందనానికి ఎండ, నెయ్యికి సోడా, రక్తానికి సన్నీళ్లు పాపా. రక్తానికి ఉడుకు నీళ్లు పోస్తివా, ఇంగ అది జన్మలో పోదు" అని నాకొకసారి చెప్పింది. నేను ఉతుకుడు మిషన్‌కు అప్పజెప్పి ఏళ్లయింది. అయినా బుద్ధిగా తలూపాను.

నా పేరు భానుప్రియ. తిరుపతిలో ఒక కోర్టులో టైపిస్టుని. ఏ కోర్టో అడగకండి, రిటైరు కావడానికి నాకింకా తొమ్మిదేళ్లు ఉంది. సాక్షి బోనెక్కి తన భాషలో చెబుతాడు, జడ్జిగారు దాన్ని కోర్టు భాషలో పెట్టి చెబుతారు, నేను టైపు చేస్తాను. ఇరవై రెండేళ్లుగా ఇదే నా పని. మనుషులు ఏడుస్తూ చెప్పినవి, అరుస్తూ చెప్పినవి, నా వేళ్ల కిందికి వచ్చేసరికి అన్నీ ఒకేలాంటి వాక్యాలైపోతాయి. అది చూసి చూసి నాకు కొంచెం కోపిష్టి స్వభావం వచ్చిందని మా ఇంట్లో అంటారు. కొంచెం కాదు, బాగానే వచ్చింది.

మునెమ్మ మా కోర్టుకు ముద్దాయిగా రాలేదు. ఆవిడ గొలుసు పోయింది, చెయ్యి విరిగింది. ఫిర్యాది ఆవిడే, మొదటి సాక్షీ ఆవిడే. ఆ కేసు మూడుసార్లు వాయిదా పడింది. ఒకసారి ప్రాసిక్యూటరుకు జ్వరం, ఒకసారి ముద్దాయిని తీసుకొచ్చే ఎస్కార్టు పోలీసులు లేరు, ఒకసారి లాయర్ల బహిష్కరణ. ఆ మూడు వాయిదాలకీ ఆవిడ తొమ్మిదిన్నరకల్లా వచ్చి నా గది బయటి బెంచీ మీద కూర్చునేది. ఒక సంచిలో పెరుగన్నం డబ్బా, ఇంకో సంచిలో ఎక్స్‌రే. ఎవరూ అడగకపోయినా ఎక్స్‌రే తెచ్చేది. అలా మాటలు కలిశాయి.

పుట్టింది పాకాల దగ్గర పల్లెలో. పదహారేళ్లకు కుప్పయ్యకు ఇచ్చి చేశారు. కుప్పయ్య రేణిగుంట గూడ్సు షెడ్డులో మూటలు మోసేవాడు. మంచివాడే, కానీ బతికున్నన్నాళ్లూ భార్యను పేరు పెట్టి పిలవలేదట. ఎనిమిదేళ్ల కిందట పోయాడు. ఒక్కడే కొడుకు మునిప్రసాద్, కొండకు టాక్సీ నడుపుతాడు. మొగుడు పోయాక బోసి మెడ చూసి వీధిలో వాళ్లు అయ్యో పాపం అనడం మునెమ్మకు నచ్చలేదు. రెండేళ్లు కష్టపడి రెండు సవర్ల గొలుసు కొనుక్కొని మెడలో వేసుకుంది. మొగుడు పోయినదానికి గొలుసేంటని ఎవరో అన్నారట. "మెడ నాదే గదా అనేసినా" అంది నాతో. ఆ మాట విన్నాకే ఆవిడంటే నాకు ఇష్టం కలిగిందనుకుంటాను.

ఆ గొలుసే పోయింది. పోయినేడు మే నెలలో, గంగ జాతర జరిగేటప్పుడు, తోటి వేషం రోజున.

తిరుపతివాళ్లకు చెప్పాల్సిన పని లేదు. మిగతావాళ్లకు రెండు ముక్కలు. జాతర వారమంతా రోజుకొక వేషం. మొక్కుకున్నవాళ్లు వేషం కట్టి ఊరంతా తిరిగి గంగమ్మ గుడికి పోతారు. తోటి వేషం రోజున ఒళ్లంతా బొగ్గు పూసుకొని, వేపమండలు చుట్టుకొని వస్తారు. వచ్చి ఊరికే ఉండరు, తిడతారు. అవి నేను ఇక్కడ రాయగలిగే తిట్లు కావు. పెద్దాచిన్నా తేడా లేదు, ఎదురొచ్చిన ఎవరినైనా తిడతారు. ఎవరూ పడనట్టు ముఖం పెట్టరు. ఆ తిట్లు తగిలితే ఏడాదంతా రోగం రొష్టు రాదని నమ్మకం. మా అమ్మ మమ్మల్ని పనిగట్టుకొని వాకిట్లో నిలబెట్టి తిట్టించేది.

అరెస్టయిన మనిషి పేరు సుకుమార్. ముప్ఫై రెండేళ్లు. రేణిగుంటలో ఒక పెద్ద గోడౌన్‌లో పెట్టెలు ఎక్కించే పని చేసేవాడు. గోడౌన్‌వాళ్లు బెల్టు మిషన్లు పెట్టి సగంమందిని మాన్పించేశారు. ఆ సగంలో ఇతనూ ఉన్నాడు. భార్య జెస్సీ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయా. ఆమెతోపాటు ఆదివారం చర్చికి పోతాడు, తల్లి మొక్కుందని జాతరకు వేషమూ కడతాడు. పదేళ్ల వయసు నుంచీ ఏటా కట్టాడట. ఇంతకుముందు కేసులేవీ లేవు. జామీను ఇచ్చేవాళ్లు దొరక్క పది నెలలుగా జైల్లోనే ఉన్నాడు.

ఇప్పుడు కాగితం సంగతి. ఛార్జిషీటులో ఇలా ఉంది. ముద్దాయి తనను ఎవరూ గుర్తుపట్టకుండా ముఖానికి, ఒంటికి నల్లరంగు పూసుకొని వచ్చి, గొంతు కోసి చంపుతానని ఫిర్యాదిని బెదిరించి, ఆమె చెయ్యి పట్టుకొని కిందికి తోసి, మణికట్టు విరగ్గొట్టి, మెడలోని బంగారు గొలుసును దోచుకొన్నాడు.

నల్లరంగు అన్నచోట నాకు నవ్వు వచ్చింది. ఆ రోజు ఊళ్లో వేలమంది ముఖాలకు బొగ్గే ఉంది. కేసు రాసినాయన కోస్తా వైపు నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చాడని తర్వాత తెలిసింది. కానీ మిగతాది చదివాక నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ వాక్యం ఎక్కడికి తీసుకుపోతుందో టైపిస్టుకు కూడా తెలుసు.

మెడలో గొలుసు లాక్కొని పరిగెత్తితే ఒక శిక్ష. మూడేళ్లకు మించదు. అదే గొలుసు కోసం మనిషిని కొట్టినా, కొడతానని బెదిరించినా అది దోపిడీ. హింసతో చేసిన నేరం కింద లెక్క. అందులో ఎముక విరిగిందా, ఏడేళ్లకంటే తగ్గించడానికి జడ్జికి కూడా అధికారం లేదు. దెబ్బ తగిలిందా లేదా అన్నది ఒక్కటే చూడరు. ఆ దెబ్బ దేనికోసం వేశాడు, మనసులో ఏముంది అన్నది చూడాలి. మనసులో ఏముందో ఎవరు చూడొచ్చారు? అందుకని ఏం చేశాడు, ఏది ముందు చేశాడు, ఏది తర్వాత చేశాడు అన్నదాన్ని బట్టి తేలుస్తారు. ఈ కేసులో అది చెప్పగలిగింది మునెమ్మ ఒక్కతే.

నాలుగో వాయిదాకు కేసు నడిచింది. మార్చి నెల, మధ్యాహ్నం పన్నెండు. మా జడ్జిగారిది గోదావరి జిల్లా. వచ్చి నాలుగు నెలలైంది. మర్యాదస్తుడు, కానీ తొందర మనిషి. రోజుకు అరవై కేసులు పిలిస్తే ఎవరైనా తొందర మనిషే అవుతారు. ముద్దాయి తరఫున ప్రభుత్వం పెట్టిన లాయరు జయరావు. మంచి మనిషే, పొద్దున్నే ఫైలు చదివే అలవాటు మాత్రం లేదు.

మునెమ్మ బోనెక్కింది. కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకొని నిలబడింది. అది విరిగి అతికింది కానీ వంకరగా అతికింది. దుప్పటి పిండాలంటే రెండు చేతులూ ఎదురెదురుగా మెలితిప్పాలి. ఆ మెలి ఆవిడ చేతికి ఇక రాదు. షెడ్డువాళ్లు రెండు నెలలు చూసి ఇంకొకామెను పెట్టుకున్నారు. ఇరవై ఆరేళ్ల పని అలా పోయింది. ఈ సంగతి మరిచిపోకుండా మిగతాది చదవండి.

ప్రాసిక్యూటరు మొదలుపెట్టాడు. "ముద్దాయి నీ దగ్గరికి వచ్చి గొంతు కోస్తానన్నాడా?"

"అన్నాడు సామీ."

"నువ్వు భయపడ్డావా?"

మునెమ్మ నవ్వింది. "భయమెందుకు సామీ? ఆపొద్దు తిట్టించుకోకుంటేనే భయం. ఆయప్ప తిట్టినాడు, నేను దండం పెట్టినా."

జడ్జిగారు తలెత్తి చూశారు. "ఏవమ్మా, గొంతు కోస్తానంటే దండం పెట్టావా?"

కోర్టు హాలంతా గొల్లుమంది. జవాను మునెయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని, "జాతర తిట్లు సార్, ఈడ మామూలే" అన్నాడు. జడ్జిగారు జయరావు వైపు చూశారు, ప్రాసిక్యూటరు వైపు చూశారు. ఇద్దరూ ఈ ఊరివాళ్లే. అవునన్నట్టు తలలూపారు. అంతకుముందు ఆయనకు ఎవరూ చెప్పలేదు. మాకందరికీ తెలిసిన సంగతి కదా, ఆయనకూ తెలుసనుకున్నాం.

"సరే, సైలెన్స్. కంటిన్యూ" అన్నారు.

"తర్వాత నీ చెయ్యి పట్టుకున్నాడా?" అన్నాడు ప్రాసిక్యూటరు.

"పట్టుకున్నాడు."

"నువ్వు కింద పడ్డావా?"

"పడినాను సామీ. ఈ సెయ్యి ఇరిగింది."

"గొలుసు పోయిందా?"

"పోయింది."

జడ్జిగారు నా వైపు తిరిగి చెప్పారు. "ముద్దాయి నా చెయ్యి పట్టుకొని కిందికి తోసి, నా మెడలోని గొలుసు లాక్కున్నాడు. ఆ తోపు వల్ల నా ఎడమ మణికట్టు విరిగింది." నేను టైపు చేశాను. తోశాడన్న మాట మునెమ్మ నోట రాలేదని నా చెవికి తెలిసింది. వేళ్లు మాత్రం ఆగలేదు. ఛార్జిషీటు ఆయన ముందుంది, నా ముందు ఆయన మాట ఉంది.

జయరావు లేచి, బొగ్గు పూసుకున్న మనిషిని ఎలా గుర్తుపట్టావని అడిగాడు. దొంగ ఇతను కాదని తేల్చాలని ఆయన ఎత్తు.

"ఆడనే దొరికినాడు గదప్పా. ఇంగ గుర్తుపట్టేదేముండాది?" అంది మునెమ్మ. ఆయన ఇంకో రెండు ప్రశ్నలడిగి కూర్చున్నాడు. అడగాల్సింది ఎవరూ అడగలేదు. బోనుకు ఎదురుగా సుకుమార్ తల దించుకొని నిలబడి ఉన్నాడు. వెనక బెంచీ మీద జెస్సీ చున్నీ కొంగు వేళ్లకు చుట్టుకుంటూ కూర్చుంది. పది నిమిషాల్లో ఏడేళ్లు ఖాయమైపోయాయి.

నేను కాగితం తీసి మునెమ్మ ముందు పెట్టాను. సాక్ష్యం కాగితం కింద చివర ఒక వాక్యం ఉంటుంది. చదివి వినిపించగా విని సరియని ఒప్పుకొన్నారు, అని. చట్టం ప్రకారం నిజంగానే చదివి వినిపించాలి. ఎవరు చదువుతారు, ఎక్కడుంది టైము? ఆ వాక్యం ముందే టైపు చేసి పెట్టుకుంటాను. సాక్షి సంతకమో వేలిముద్రో వేసి పోతాడు. అందరూ అలాగే వేశారు. మునెమ్మ మాత్రం చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"ఏం రాసినావో సదివి సెప్పు పాపా."

"అంతా నువ్వు చెప్పిందే పెద్దమ్మా. వేలు పెట్టు, అవతల ఇంకో కేసు పిలుస్తా ఉండారు."

"ఉతికిన దుప్పటి ఎండకు అడ్డంగా పట్టి సూడకుండా నేను ఏ లాడ్జికీ ఇయ్యలా. మరక ఉండాదేమో సూస్తేనే గదా తెలిసేది. నా మాట నేను సూసుకోకుండా వేలెట్ల పెట్టేది?"

నాకు చిరాకు వేసింది. నిజం చెబుతున్నాను, చిరాకే వేసింది. మూడు రోజులు బెంచీ మీద కబుర్లు చెప్పుకున్న మనిషి నలుగురిలో నన్ను నిలదీసిందని. జడ్జిగారు గడియారం చూసి, "చదవండమ్మా, త్వరగా" అన్నారు. చదవడం మొదలుపెట్టాను, కావాలనే గడగడా చదివాను. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి మునెమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఆగాగు. అట్ల కాదు. ముందు గొలుసు, తర్వాత సెయ్యి."

"ఏంటమ్మా?" అన్నారు జడ్జిగారు.

"సామీ, ఈయమ్మ ఎనకది ముందు రాసింది. ఆయప్ప నన్ను తొయ్యలా. నేను అంగడి అరుగు మీద నిలబడుండా. ఆయప్ప తిట్టినాడు, దండం పెట్టినా. బొట్టు పెడతాడేమోనని మెడ ముందుకు సాచినా. గొలుసు పట్టి లాగినాడు, తెగింది. నేను ఎనక్కి అడుగేసినా, ఆడ అరుగు లేదు. పడతా ఉంటే ఆయప్ప ఈ కుడిసెయ్యి పట్టుకున్నాడు, పడకుండా. బొగ్గులో నూనె కలిపి పూసుకోనుండాడు గదా, జారిపోయింది. ఆ పక్కకు పడినా, ఈ సెయ్యి ఇరిగింది."

ప్రాసిక్యూటరు లేచి నిలబడ్డాడు. "తొయ్యడానికి పట్టుకున్నాడో, ఆపడానికి పట్టుకున్నాడో నీకెట్లా తెలుసు?"

మునెమ్మ బోను దిగి మునెయ్యను రమ్మంది. జవాను మునెయ్య జడ్జిగారి వైపు చూసి, ఆయన సరేననగానే వచ్చాడు. ఆవిడ అతని మోచేతికి పైన, చంక వైపు నుంచి చెయ్యి వేసి, పైకి లాగి పట్టుకుంది. "తోసేవాడు ఇట్ల పట్టుకుంటాడా సామీ? నా రవిక మీద బొగ్గుతో నాలుగు వేళ్లు సంకపక్క, బొటనవేలు పైన. అచ్చు అట్నే పడుండె."

"ఆ రవిక ఏది?"

"ఉతికించేసినా."

"ఉతికించేశావా!"

"బొగ్గు మరక సామీ. తడవకుండా ముందు దులపాల, నిలవుంటే పోదు. రెండో రోజే కోడలికి సెప్పి దులిపించి ఉతికించినా. మరక పెట్టుకోని ఎట్ల కూర్సుండేది?" ఆ మాటలో ఆవిడకు తప్పేమీ కనిపించలేదు. పోలీసులు కూడా ఆ రవిక అడగలేదట.

"మరి పోలీసులకు ఇలా ఎందుకు చెప్పలేదు?"

"అడిగినదానికి సెప్పినా సామీ. ఆసుపత్రిలో పడుకోనుంటే వచ్చి రాసుకున్నారు. తిట్టినాడా అంటే అవునన్నా. సెయ్యి పట్టినాడా అంటే అవునన్నా. పడితివా అంటే అవునన్నా. ఏది ముందు, ఏది ఎనక అని ఎవురూ అడగలా. మీరు గూడా అడగలా."

ఈ సాక్షి మాట మార్చిందనీ, తనే క్రాస్ చేయడానికి అనుమతి ఇవ్వాలనీ ప్రాసిక్యూటరు కోరాడు. జడ్జిగారు ఇచ్చారు. అతను అడిగిన మొదటి ప్రశ్నే ఇది. "ఇలా చెప్పడానికి ముద్దాయి తరఫువాళ్లు నీకు ఎంత ఇచ్చారు?"

మునెమ్మ ముఖం జేవురించింది. వంకరగా అతుక్కున్న చేతిని పైకెత్తి అతని ముందు పెట్టింది. "ఇరవయ్యారేండ్లు దుప్పట్లు పిండిన సెయ్యి సామీ ఇది. ఇప్పుడు సెంబు గూడా ఎత్తదు. దీనికి ఎంతిస్తే సరిపోతాదో నువ్వే సెప్పు."

అతను ఫైలు మూసి కూర్చున్నాడు. సుకుమార్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. జాలితో కాదు, సిగ్గుతో. ఇరవై రెండేళ్లలో చదివి వినిపించగా అని ఎన్ని వేలసార్లు కొట్టానో నాకే తెలియదు. అందులో ఎంతమంది ఆగమని చెప్పి ఉండేవాళ్లో! ఒక్కరికీ ఆ అవకాశం ఇవ్వలేదు నేను.

జడ్జిగారు పాత కాగితాలు తిరగేశారు. సుకుమార్‌ను పట్టుకున్న మనిషి బాలచంద్ర. అతనూ ఆ రోజు తోటి వేషం కట్టినవాడే. పోలీసులు రాసుకున్న అతని వాంగ్మూలం ఛార్జిషీటుతోపాటు ఫైల్లోనే ఉంది. మేం పోయేసరికి ముద్దాయి పరిగెత్తలేదనీ, కిందపడిన ఆమె పక్కనే నిలబడి ఉన్నాడనీ అందులో ఉంది. అంతవరకూ ఆ వాక్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు. జడ్జిగారు ఈసారి రెండుసార్లు చదివారు. తర్వాత నాతో, "ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాయండమ్మా. నేను మధ్యలో రాను" అన్నారు. అలా అన్న జడ్జిని నేను అంతకుముందు చూడలేదు.

కోర్టు బయట మునిప్రసాద్ తల్లి మీద విరుచుకుపడ్డాడు. వాడి కోపంలో న్యాయం లేకపోలేదు. పది నెలలుగా ఆసుపత్రుల చుట్టూ తిప్పింది వాడే. రాత్రి నొప్పికి తల్లి మూలిగితే లేచి కూర్చునేదీ వాడే.

"సెయ్యి ఇరగ్గొట్టినోడికి వకాల్తా పుచ్చుకుంటివా మా! వాడు గొలుసు లాక్కపోతే నువ్వు పడతావా? వాడి వల్లే గదా!"

"వాడి వల్లే. నేను కాదన్నానా?"

"మరి ఏడేండ్లు పడనియ్యొచ్చు గదా!"

"తోసినాడంటే పడతాయి. తొయ్యలా గదరా. నేనేం జేసేది?"

వాడు టాక్సీ డోరు ధడాలున వేసుకొని ఒక్కడే వెళ్లిపోయాడు. మునెమ్మ రెండు సంచులూ ఒకే చేతికి తగిలించుకొని బస్టాండు వైపు నడిచింది. నేను మెట్ల మీద నిలబడి చూశానే కానీ, ఒక సంచి అందుకుందామన్న బుద్ధి ఆ క్షణాన నాకు పుట్టలేదు.

మూడు వారాలకు తీర్పు వచ్చింది. దాన్ని టైపు చేసింది నేనే, అందుకని బాగా గుర్తుంది. ముఖానికి బొగ్గు మొక్కు కోసం పూసుకున్నదే, దాచుకోవడానికి కాదు. గొంతు కోస్తానన్నది ఊరి ఆచారం, విన్నామెకు భయం కలగలేదు. గొలుసు తీసుకోవాలన్న దురుద్దేశం ముద్దాయికి ఉంది, తీసుకున్నాడు. కానీ గొలుసు చేతికి వచ్చేశాక చెయ్యి పట్టుకున్నది గొలుసు కోసం కాదు. కాబట్టి ఇది దోపిడీ కాదు, గొలుసు లాక్కున్న నేరం. శిక్ష వేసేముందు ఏమైనా చెప్పుకుంటావా అని జడ్జిగారు సుకుమార్‌ను అడిగారు.

"తప్పు చేసినాను సార్. దొంగతనానికని వేషం కట్టలా. గొలుసు కనపడింది, సెయ్యి దాని మీదికి పోయింది. మొక్కు వేషంలో ఉండి చేసినా. ఆయమ్మ సెయ్యి ఇరిగిన సప్పుడు నాకు ఇనపడింది. ఇంగ నేనేం సెప్పను సార్" అన్నాడు.

రెండేళ్లు వేశారు, పోలీసుల దగ్గరున్న గొలుసు మునెమ్మకు ఇచ్చేయమన్నారు. జైల్లో ఉన్న పది నెలలు పోను, ఇంకా పద్నాలుగు నెలలు.

తీర్పు వినడానికి మునెమ్మ కూడా వచ్చింది. రావాల్సిన పని లేదు, అయినా వచ్చింది. మునిప్రసాద్ తీసుకొచ్చాడు కానీ గేటు బయటే నిలబడ్డాడు. ఎస్కార్టువాళ్లు సుకుమార్‌ను వ్యాను ఎక్కించాక జెస్సీ వచ్చి మునెమ్మ కాళ్ల మీద పడబోయింది. మునెమ్మ చటుక్కున వెనక్కి జరిగింది.

"ఎందుకుమ్మా కాళ్లు పట్టుకుంటా ఉండావు?"

"మా ఆయన్ని క్షమించినావు గదమ్మా. నీ రుణం ఎట్ల తీర్చుకునేది?"

"క్షమించినానని ఎవురు సెప్పినారు?"

జెస్సీ నోరు తెరుచుకొని చూసింది. నేనూ చూశాను. అప్పటిదాకా నేను కూడా అదే అనుకున్నాను మరి.

"క్షమించలా" అంది మునెమ్మ. "పొద్దున్నే లేసి ముఖం కడుక్కోవాలన్నా ఒంటిసెయ్యి. జడ ఏసుకోవాలంటే కోడలు రావాల. దినామూ మీ ఆయన్ని తిట్టుకుంటా. ఇంగా తిట్టుకుంటా. అది నాకుండే హక్కు. కానీ సెయ్యని పనికి గూడా తిట్టాలంటే నాకు నోరు రాలా, అంతే."

జెస్సీ నేల మీద కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. మునెమ్మ వెళ్లిపోతుందనుకున్నాను. కానీ కుడిచేత్తో ఆ పిల్ల భుజం పట్టుకొని లేపింది.

"ఈసారి సూసేదానికి పోయినప్పుడు ఆయప్పకు ఒక మాట సెప్పు. గొలుసు సేతికి వచ్చేసిండె, పరిగెత్తుంటే ఎవురికీ దొరికేటోడు కాదు. నేను పడినానని నిలబడిపోయినాడు. కింద పడుండి నేను మొకం సూసినా. ఏడస్తా ఉండె. అది నేను సూసినానని సెప్పు."

తర్వాత గేటు వైపు నడిచి, కొడుకు తీసి పట్టుకున్న డోరులోంచి టాక్సీ ఎక్కింది.